కేకు కొయ్యని కత్తి

మా పెళ్లి కేకు కొయ్యడానికి మా మామగారి కత్తి ఇమ్మని అడిగాను.

1902, ఏప్రిల్ నెల. ఆపిల్ చెట్లు విరగబూసి ఉన్నాయి. వాకిట్లో పొడుగాటి బల్ల, దాని మీద మా అమ్మ కాల్చి తెచ్చిన మూడంతస్తుల కేకు, చుట్టూ మా వాళ్లు, ఆ ఒరెగన్ లోయలో స్థిరపడిన స్విస్ వాళ్లు. పొయ్యి పైన గోడకి వేలాడే ఆ బారు కత్తి ఇంట్లో అడుగు పెట్టగానే నా కంట పడింది. ఇత్తడి పిడి, నల్ల తోలు ఒర. దానితో కేకు కోస్తే ఎంత బాగుంటుందో అనిపించి, అందరి ముందూ అడిగేశాను. ఫిడేలు ఆగిపోయింది. మామగారి మొహం పాలిపోయింది.

"అది చాకు కాదమ్మాయ్," అన్నారాయన. "అది నా ఓటు."

నేను పకపకా నవ్వాను. ఇంకెవరూ నవ్వలేదు. నా పక్కనున్న ఊలి, అప్పటికి గంట క్రితమే నాకు మొగుడైనవాడు, "తర్వాత చెప్తాలే, ముందు వంటింటి చాకు తెస్తానుండు" అని చెవిలో గొణిగి పరిగెత్తాడు. పరిగెత్తేటప్పుడు అతని పెళ్లి కోటు తోకలు ఎలా ఎగిరాయో తలచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది.

మర్నాడు పొద్దున్న ఆవుల పాలు పితుకుతూ చెప్పాడు. వాళ్ల నాన్న పుట్టిన స్విస్ దేశపు అప్పెన్‌జెల్ కొండల్లో ఏటా వసంతంలో ఒక ఆదివారం మగవాళ్లంతా ఒకే మైదానంలో నిలబడతారట. నడుముకి కత్తి ఉన్నవాడికే చెయ్యెత్తే హక్కు. కొత్త చట్టాలు ఒక్కొక్కటే చదువుతారు. ఇష్టమైనవాళ్లు చేతులెత్తుతారు. ఎక్కువ చేతులు లేస్తే అది చట్టం, లేవకపోతే చెత్త. ఆ కత్తి తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది.

"మరి ఇక్కడ ఓటెయ్యరా ఆయన?"

"ఒరెగన్ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది, ఒక్కసారీ వెయ్యలేదు. 'ఇక్కడ చట్టం గురించి నన్నడగరు. నా బదులు ఆలోచించేవాడిని ఎంచుకోమంటారు. ఏం, నాకు బుర్ర లేదా?' అంటాడు."

ఆ మాట నాకు నచ్చింది. నేను కోర్వాలిస్ కాలేజీలో చదివి పట్టా తెచ్చుకున్నదాన్ని, అయినా ఆడదాన్ని కాబట్టి నన్నైతే ఎంచుకోమని కూడా ఎవరూ అడగరు.

మామగారు ఎంచుకోనన్న మనుషులు రాజధాని సేలంలో చేసిన ఘనకార్యాలు మా లోయలో అందరికీ తెలుసు. ఐదేళ్ల క్రితం ఆ పెద్దమనుషులు శాసనసభకి వెళ్లి, వాళ్లలో వాళ్లు పోట్లాడుకుని, సభ మొదలుపెట్టకుండానే ఇళ్లకొచ్చేశారు. పని చేసిన ఏడాది ఇంకా ఘోరం. మా ఏటి మీద లోయవాళ్లు సొంత చేతులతో కట్టుకున్న చెక్క వంతెనని దుకాణం గ్రిగ్స్‌కి కట్టబెడుతూ చట్టం చేశారు. ఇప్పుడు మా వంతెన దాటడానికి మేమే గ్రిగ్స్‌కి సుంకం కట్టాలి. మా మామగారు ఆ చట్టం వచ్చిన రోజు నుంచి వంతెన ఎక్కలేదు. బూట్లు మెళ్లో వేసుకుని, ఎండైనా మంచైనా ఏట్లో దిగి నడుస్తారు. మోకాళ్ల నొప్పులు దాని వల్లేనని మా పొరుగింటి మంత్రసాని బాబెలి అత్త తిడుతూనే ఉంటుంది.

"మోకాళ్లు నావి, వంతెన నాది. రెండిట్లో ఒకటైనా నా మాట వినాలి కదా," అంటారాయన.

*

మే నెలలో ఒక శనివారం. మామగారు రాగి కాగు ముందు నిలబడి పాల విరుగుడు తిప్పుతున్నారు. నేను కిటికీ గూట్లో కూర్చుని పేపరు చదివి వినిపిస్తున్నాను. ఆ గది నాకు చాలా ఇష్టం. వెచ్చగా, పుల్లగా వాసనేస్తుంది. ఊలి పొద్దున్నే తోటలోంచి మొదటి స్ట్రాబెర్రీ ఒకటి కోసి నాకోసం ఆ గూట్లో పెట్టి వెళ్లాడు. దాన్ని చూసుకుంటూ చదువుతున్నాను కాబట్టి సగం ధ్యాస దాని మీదే ఉంది.

"జూన్ ఎన్నికల్లో రాజ్యాంగ సవరణ మీద కూడా ఓటింగు ఉంటుంది. ఇనిషియేటివ్, రిఫరెండం..."

"ఏవిటవి?"

"ఓటర్లలో ఇంతమంది అని సంతకాలు పెడితే ఒక చట్టాన్ని జనమే రాసి ఓటుకి పెట్టొచ్చట మామయ్యా. శాసనసభ చేసిన చట్టం నచ్చకపోతే, అది అమల్లోకి రాకముందే సంతకాలు పెట్టి జనం ముందుకి లాగొచ్చట. ఎక్కువమంది కాదంటే అది పోయినట్టే."

గరిటె ఆగింది.

ఆ గరిటె ఆగడం నేనెప్పుడూ చూడలేదు. పాలు విరిగాక తిప్పుతూ ఉండకపోతే చీజ్ పాడైపోతుంది. ఇల్లంటుకున్నా తిప్పుతూనే ఉంటారని ఊలి అనేవాడు.

"మళ్లీ చదువు."

చదివాను.

"ఏ చట్టమైనా? జనమేనా? సేలం వాళ్లు అడ్డుపడలేరా?"

"శాసనసభ వరసగా రెండుసార్లు ఒప్పుకుంది కాబట్టే మన దగ్గరికొచ్చింది. ఇప్పుడు మనం సరేనంటే చాలు."

మనం అన్నానే గానీ, ఆ మాటలో నేను లేను. ఆయన అది గమనించలేదు. గరిటె వదిలేసి, చేతులు తుడుచుకుని, వంటింట్లోకి వెళ్లి కత్తి దించి, కొవ్వు రాసిన గుడ్డతో తుడవడం మొదలుపెట్టారు. వెనకాల కాగులో చీజ్ రబ్బరులా గట్టిపడిపోయింది. అది పందులకి వేశాం, వాటికి మాత్రం పండగే.

"నాకు డెబ్బై వచ్చాయి అమ్మాయ్," అన్నారు. "పోయేలోగా ఒక్కసారి, మనిషికి కాకుండా చట్టానికి ఓటెయ్యాలి."

సోమవారమే బండి కట్టించి తండ్రీకొడుకులిద్దర్నీ కౌంటీ ఆఫీసుకి పంపి ఓటర్లుగా పేర్లు నమోదు చేయించాను. పేర్లు రాసుకునే గుమాస్తా మా ఇంటిపేరు విని కలం కింద పెట్టేశాడట. స్టుర్జెనెగ్గర్. నాకూ మొదట్లో రాలేదు. పెళ్లికి ముందు డోషీ ప్రాట్ అన్న చిన్న పేరు నాది. ఇప్పుడు ఒక్క సంతకం పెట్టేలోగా కాఫీ చల్లారిపోతుంది. అయినా పెడుతూనే ఉంటాను, ఊరికే, పాత పేపర్ల అంచుల మీద.

*

పోలింగు బడిలో జరుగుతుందనీ, గుడ్డ తెర వెనక నిలబడి పెన్సిలుతో గుర్తు పెట్టాలనీ చెప్పేసరికి మామగారు నన్ను వింతగా చూశారు.

"మైదానంలో కాదా?"

"కాదు మామయ్యా."

"అందరం ఒకేసారి చెయ్యెత్తమా?"

"లేదు. ఒక్కొక్కరూ తెర వెనక్కి వెళ్లాలి."

"ఎందుకూ? నేనేమైనా స్నానం చేస్తున్నానా?"

ఊలి నవ్వాపుకోలేక వాకిట్లోకి పారిపోయాడు. నేను నేలమాళిగలో చీజ్ చక్రాల మధ్య తాడు కట్టి, నా పెళ్లి దుప్పటి వేలాడదీసి, చీజ్ చుట్టే కాగితం ముక్క ఒకటి ఆయన చేతికిచ్చాను. "అవును పక్కన గుర్తు పెట్టి, మడిచి, బయటికొచ్చి ఇవ్వండి. అంతే."

ఆయన వెళ్లారు. దుప్పటి తోసుకుని వచ్చారు. కుడి చెయ్యి దూలాన్ని తాకేంత పైకి లేచి ఉంది. ఆ చేతిలో కాగితం జెండాలా విప్పి ఉంది.

"మామయ్యా! అది చూపించకూడదు. గుర్తు పెట్టిన కాగితం ఎవరికైనా చూపిస్తే ఆ ఓటు చెల్లదు, పక్కన పారేస్తారు."

"రహస్యంగా చేసేది దొంగతనం. ఓటు ఎందుకు దాచాలి?"

"గ్రిగ్స్ చూడకుండా."

"చూడనీ! వాడు చూడాలనేగా నేను వెళ్తోంది."

ఇక్కడ నాకు కోపమొచ్చింది. కొత్త కోడలినని మర్చిపోయాను. "మీకు భయం లేదు, నిజమే. మరి జాకబ్ నెఫ్‌కి? ఆయన చీజ్ అంతా గ్రిగ్సే కొంటాడు. రేపు కొననంటే వాళ్లు ఏం తింటారు? ఆ తెర మీ కోసం కాదు. జాకబ్ కోసం."

 జాకబ్ మామగారితో ఒకే ఓడలో వచ్చిన మనిషి, బాబెలి అత్త మొగుడు, ఒట్టి మెతక. ఆయన దుప్పటిని రెండు వేళ్లతో పట్టుకుని, పశువుని కొనేముందు చర్మం చూసినట్టు చూశారు.

"సరే. జాకబ్ కోసం తెర ఉండనీ. మరి నా చెయ్యో?"

"కిందే ఉండాలి."

"చెయ్యి లేవకపోతే ఓటేసినట్టే ఉండదు నాకు."

రోజూ పాలు పితికాక ఒకసారి సాధన చేశాం. రోజూ ఆ చెయ్యి లేచింది. రోజూ కాగితం విప్పే ఉంది. తిట్టాను, బతిమాలాను, నవ్వాను. కావాలని చెయ్యడం లేదాయన. తెర దాటగానే చెయ్యి దానంతటదే లేస్తోంది. ఊలి అయితే, "మా నాన్న చేతికో రాయి కట్టి పంపుదామా డోషీ" అని సలహా ఇచ్చాడు.

ఈ ముచ్చట జాకబ్ నోటి నుంచి దుకాణానికి చేరింది. అక్కడ మొత్తం లోయంతా రిఫరెండం గురించే మాట్లాడుకుంటోంది. మిస్సోరీ నుంచి వచ్చి స్థిరపడిన ఏమస్ పర్డీ తాత, "రిఫరెండమా? మా ముసల్ది నడుంనొప్పికి అదేగా రాసుకుంది" అన్నాడు. నేను ఆయనకి మొత్తం వివరించాను. "అయితే మంచి మందే. కానీ అంత పొడుగు మాట మా నోటికి తిరగదమ్మా," అన్నాడు. "స్టుర్జెనెగ్గర్ అని పిలుస్తున్నారుగా తాతా, ఇదెంత," అన్నాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు.

గ్రిగ్స్ నవ్వలేదు. పోలింగు రోజున బడిలో కూర్చునే ముగ్గురు అధికారుల్లో అతనొకడు, పర్డీ తాత ఇంకొకడు. కౌంటరు మీద మోచేతులాన్చి, నా పక్కనున్న మామగారితో తీయగా అన్నాడు:

"ఏం హన్నెస్, దుప్పటి వెనక దాక్కునే పాఠాలు నేర్పుతోందటగా కోడలు? మీ దేశంలో మగాళ్లు అందరి ముందూ వేసేవాళ్లన్నావు. ఇక్కడికొచ్చి సిగ్గు నేర్చుకున్నావా?"

"నాకేం సిగ్గు?"

"అయితే చూపించి వెయ్యి. కాగితం విప్పి, చెయ్యెత్తి, అందరికీ కనపడేలా. నీకు దమ్ముందో లేదో లోయంతా చూస్తుంది."

మామగారి మెడ ఎర్రబడింది. "చూస్తావుగా," అన్నారు.

ఏరు దాటాం. అవతలి గట్టున ఆయన బూట్లు తొడుక్కుంటుంటే చెప్పాను. "అది ఉచ్చు మామయ్యా. ఈ సవరణ గెలిస్తే వంతెన చేజారుతుందని అతని భయం. మీరు విప్పి చూపిస్తే అతనే లేచి చెల్లదంటాడు. మీరెలా వేస్తే స్విస్ వాళ్లంతా అలాగే వేస్తారని అతనికి తెలుసు. ఒక్క మాటతో లోయలో ఓట్లన్నీ చెత్తలో పడేస్తాడు."

"నాకర్థమైంది."

"మరి చెయ్యి దించుతారా?"

ఆయన బూట్ల తాళ్లు బిగించుకుని ముందుకి నడిచారు.

*

జూన్ మొదటి సోమవారం. ఆకాశం కడిగిన గాజులా ఉంది. ఊలి గెడ్డం గీసుకున్నాడు, ఆ బుగ్గ చూసి నేను ఆగలేకపోయాను, బూట్ల తాళ్లు కట్టుకుంటున్నవాడిని కూడా ముద్దు పెట్టుకున్నాను. మామగారు ఆదివారం కోటు వేసుకుని, నడుముకి కత్తి కట్టుకున్నారు. దానికి ముందు రోజంతా మెరుగు పెట్టారు.

వంతెన దగ్గర గ్రిగ్స్ మనిషి నిలబడి ఉన్నాడు. "రండి రండి, ఓటర్లకి ఈ రోజు సుంకం లేదు. గ్రిగ్స్ గారి బహుమతి."

"మా వంతెన మాకు బహుమతా?" అంటూ మామగారు ఏట్లో దిగారు. కత్తి తడవకుండా ఒరతో సహా నెత్తి మీదికెత్తి పట్టుకున్నారు. ఊలి ఒక్క క్షణం కొత్త ప్యాంటు వంక దిగులుగా చూసుకుని తనూ దిగాడు. జాకబ్ దిగాడు. వెనకాల లోయ స్విస్ వాళ్లంతా వరసగా దిగారు. నేను గౌను మోకాళ్ల దాకా ఎత్తి పట్టుకుని దిగాను. నీళ్లు మంచులా ఉన్నాయి. బాబెలి అత్త వెనక నుంచి, "ఈ మోకాళ్లన్నిటికీ తైలం నేనెక్కడ తేను!" అని అరుస్తూనే దిగింది.

బడి గుమ్మంలోనే గ్రిగ్స్ అడ్డం నిలబడ్డాడు.

"ఆయుధంతో పోలింగు గదిలోకి రాకూడదు. వెళ్లిపో హన్నెస్."

"ఇది ఆయుధం కాదు. దీనితో వెన్న కూడా తెగదు."

"కత్తి కత్తే. అది నడుముకున్నంతసేపు నీకు ఓటు లేదు."

"మా ఊళ్లో ఇది నడుముకి లేకపోతే ఓటు లేదు."

"ఇది మీ ఊరు కాదు."

ఆ మాటకి వరసంతా గుర్రుమంది. "హన్నెస్ వెనక్కి వెళ్తే మేమూ వెళ్తాం," అన్నాడెవరో. గ్రిగ్స్ మొహంలో సంతోషం కనపడింది. అతనికి కావలసిందే అది.

నేను మామగారి మోచెయ్యి పట్టుకున్నాను. "వెళ్లిపోవద్దు మామయ్యా. ఇరవై ఏళ్లు ఆగారు. ఇంతదూరం వచ్చి గుమ్మంలోంచి తిరిగిపోతే రేపు అతను మళ్లీ సుంకం అడుగుతాడు, మీరు మళ్లీ ఏట్లో దిగుతారు."

ఆయన కళ్లు మూసుకున్నారు. తర్వాత నడుము దగ్గర బకిల్ తీశారు. 

"ఇలా ఇవ్వు నాన్నా," అని ఊలి చెయ్యి చాపాడు.

"నువ్వూ లోపలికి రావాలి కదరా." ఆయన జాకబ్ వైపు చూశారు. జాకబ్ కూడా రావాలి. వరసలో ఉన్న ప్రతివాడూ లోపలికి రావలసినవాడే. "ఇక్కడ ఓటు లేనివాళ్లెవరు?" అని గట్టిగా అడిగి, అడిగాక ఆ ప్రశ్న తనకే వినబడినట్టు ఆగిపోయారు.

"నేనున్నాను మామయ్యా," అన్నాను.

ఆయన నన్ను చూశారు. పెళ్లినాడు కేకు దగ్గర చూసిన చూపు కాదది. కత్తి పటకా నా నడుము చుట్టూ తిప్పి, ఆఖరి కన్నంలో బిగించారు. నా తడి గౌను మీద ఆ ఇత్తడి పిడి చల్లగా తగిలింది.

"ఆడదానికి కత్తి!" గ్రిగ్స్ పగలబడి నవ్వాడు. "రేపు ఓటు కూడా అడుగుతుంది చూడండి!"

"రేపటిదాకా ఎందుకు, ఇవాళే అడుగుతున్నాను," అన్నాను. బాబెలి అత్త ఫెడీమని చప్పట్లు కొట్టింది.

మామగారు లోపలికి వెళ్లారు. ఆడవాళ్లం కిటికీ దగ్గర గుమిగూడాం. ఆయన కాగితం తీసుకుని తెర వెనక్కి వెళ్లడం కనిపించింది. తెర కింద బూట్లు, వాటి చుట్టూ తడి ప్యాంటు నుంచి కారిన నీటి మడుగు. ఎంతసేపైందో. పెన్సిలు గీసిన చప్పుడు వినపడుతుందేమోనని ఊపిరి బిగబట్టాను. 'కిందికి మామయ్యా, చెయ్యి కిందికి' అని మనసులోనే అనుకుంటున్నాను.

తెర కదిలింది. మామగారు బయటికొచ్చారు. చెయ్యి నిటారుగా పైకి లేచి ఉంది.

నేను కిటికీకి ఇంకా దగ్గరగా జరిగాను.

"చూపించాడు!" గ్రిగ్స్ కుర్చీలోంచి లేచి అరిచాడు. "అందరూ చూశారుగా! ఈ ఓటు చెల్లదు!"

"ఏం చూపించాడయ్యా?" అన్నాడు పర్డీ తాత, తీరిగ్గా కళ్లజోడు సర్దుకుంటూ.

"కనపడటం లేదా? చెయ్యెత్తాడు!"

"చెయ్యి కనపడుతోంది. కాగితమేదీ?"

అప్పుడు చూశాను. పైకి లేచింది పిడికిలి. బిగించిన పిడికిలి. అందులోంచి కాగితం అంచు కూడా బయటికి లేదు. మామగారు నెమ్మదిగా చెయ్యి దించి, బల్ల మీద పిడికిలి విప్పారు. మడిచిన బ్యాలెట్ నలిగి, చెమటకి తడిసి అక్కడ ఉంది. గుర్తు ఎవరికీ కనపడేలా లేదు.

"ఓటు దాచమన్నారు, దాచాను," అన్నారాయన. "చెయ్యి దాచమని ఎవరూ అనలేదు."

"ఎటు వేశాడో అందరికీ తెలిసిపోయింది!" గ్రిగ్స్ బల్ల గుద్దాడు.

"నీకు ఇంటి దగ్గరే తెలుసుగా గ్రిగ్సూ. లేకపోతే పొద్దుటి నుంచీ ఈ గోలెందుకు?" పర్డీ తాత పక్కనున్న మూడో అధికారి వైపు తిరిగాడు. "చెయ్యెత్తకూడదని చట్టంలో ఉందా?" ఆ మనిషి గ్రిగ్స్ వైపు చూడకుండా తల అడ్డంగా ఊపాడు. పర్డీ తాత కాగితం పెట్టెలో వేశాడు. "హన్నెస్ స్టుర్జెనెగ్గర్, ఓటు వేశాడు," అని పైకి చదివాడు. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

తర్వాత జాకబ్ వెళ్లాడు. మెతక జాకబ్. తెర వెనక్కి వెళ్లి, మడత పెట్టి, బయటికొచ్చి, గ్రిగ్స్ కళ్లల్లోకి చూస్తూ పిడికిలి ఎత్తాడు. బాబెలి అత్త నా భుజం గట్టిగా పట్టుకుంది. తర్వాత ఊలి. నా ఊలి తెర దాటుతూ మొదట నన్ను చూసి కన్నుకొట్టి, తర్వాత చెయ్యెత్తాడు. ఆ తర్వాత వరసలో ప్రతివాడూ. కొంతమంది మిస్సోరీ వాళ్లు కూడా, ఇదేదో బాగుందే అన్నట్టు, ఎత్తారు. వాళ్లలో అవునన్నవాళ్లెవరో కాదన్నవాళ్లెవరో ఎవరికీ తెలియదు. గ్రిగ్స్ కుర్చీలో కూర్చుని ఒక్కొక్క పిడికిలినీ చూడక తప్పలేదు.

కిటికీ బయట బాబెలి అత్త చెయ్యెత్తింది. నేనూ ఎత్తాను. మా చేతుల్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. అయినా చాలాసేపు దించలేదు.

*

రాష్ట్రమంతా అవునంది. కాదన్నవాళ్లు వాళ్ల ముందు పిడికెడు. ఆ కబురు పేపర్లో చదివి వినిపించినప్పుడు మామగారు గరిటె ఆపలేదు. ఇంకొంచెం వేగంగా తిప్పారంతే.

నేను కత్తి తీసుకెళ్లి పొయ్యి పైన మేకుకి తగిలించబోయాను.

"అక్కడొద్దు."

"మరెక్కడ?"

"మీ గదిలో."

ఊలి మొహం వెలిగిపోయింది. "నాకిచ్చేస్తున్నావా నాన్నా?"

"నీకా? నువ్వు దాంతో గడ్డి కోస్తావు." ఆయన కాగులోంచి చూపు తిప్పలేదు. "నేను ఓటేసినప్పుడు అది నా నడుముకి లేదు. ఎవరి నడుముకి ఉందో వాళ్లదే. మా ఊళ్లో తెలిస్తే నన్ను కొండ మీంచి తోసేస్తారు." తర్వాత కొంచెం ఆగి, "అమ్మాయ్, ఇప్పుడు జనమే చట్టం రాయొచ్చన్నావు కదా. సంతకాలు పెట్టించి?"

"అన్నాను."

"కత్తి ఉండి ఓటు లేకపోవడం నాకు నచ్చలేదు. రాయి."

ఊలి నోరు తెరిచి నన్ను చూశాడు, తర్వాత నవ్వాడు. వెళ్లి వంటింటి బల్ల మీద గిన్నెలన్నీ పక్కకి జరిపి, నాకు చోటు చేసి, కొత్త పాళీ తెచ్చి, సిరాబుడ్డి మూత కూడా తీసి పెట్టాడు. ఆ మూత తీసిన తీరుకే అతన్ని మళ్లీ పెళ్లి చేసుకోవచ్చు.

ఒరెగన్‌లో ఆడవాళ్లకి ఓటు ఉండాలి. అదే నేను రాసిన మొదటి వాక్యం. కింద మామగారు సంతకం పెట్టారు. దాని కింద ఊలి. మా ఇంటిపేరు రెండుసార్లు రాసేసరికి సగం కాగితం నిండింది. సంతకం పెట్టడానికి మగవాళ్లే అర్హులు కాబట్టి, లోయలో ఉన్న మగవాళ్లందరి దగ్గరికీ నేనే వెళ్లాలి. జాకబ్ దగ్గరికి వెళ్లాను, బాబెలి అత్త ఆయన చేతిలో కలం పెట్టి పక్కనే నిలబడింది. తర్వాత ఏరు దాటి పర్డీ తాత దగ్గరికి బయల్దేరాను.

వంతెన మీద గ్రిగ్స్ స్వయంగా నిలబడి ఉన్నాడు. నా నడుముకి కత్తి, చంకలో కాగితాల అట్ట చూసి పెదవి విరిచాడు.

"వంతెన మీంచి రా అమ్మా. ఆడవాళ్లు నీళ్లలో దిగడం బాగోదు. సుంకం వద్దులే."

నేను బూట్లు విప్పి, తాళ్లు ముడేసి మెళ్లో వేసుకున్నాను.

"పర్లేదు గ్రిగ్స్ గారూ. వంతెన సంగతి రెండో కాగితంలో రాస్తున్నాం. అప్పుడు దాటుతాను."

గౌను ఎత్తి పట్టుకుని నీళ్లలో దిగాను. చల్లదనానికి కెవ్వుమన్నాను, ఆ వెంటనే నవ్వొచ్చింది. కత్తిని ఒరతో సహా నెత్తి మీదికెత్తాను.